ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

హైదరాబాదు చరిత్రను గురించిన సచిత్ర గ్రంథమేదైనా తెరచి చూచినచో అందులో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలము నాటి చిత్రములు కొన్ని తప్పక కనిపించును. కొలువు తీరిన ప్రభువు, జరీ అంగరఖాలు ధరించిన అమీరులు, దీపాల గుత్తులు వ్రేలాడే విశాల మందిరములు, వేట ముగించి గుడారాల ముందు కూర్చున్న అతిథులు, గోలకొండ సమాధుల గుమ్మటములు అందులో ఉంటాయి. ఆ చిత్రముల అడుగున చాలావాటికి ఒక అంకె, ఒక చిన్న వివరణ చెక్కబడి ఉంటాయి. వీటిలో పెక్కింటికి కర్త రాజా దీన్ దయాళ్. నూరేండ్లకు పైబడినా ఆ చిత్రములలోని స్పష్టత చెడలేదు, పొందిక సడలలేదు.

నేడు ఛాయాచిత్రము తీయుట ఎవరికీ కష్టము కాదు. కళాశాల ఆవరణలో ప్రతి విద్యార్థి జేబులోను కెమెరా గల ఫోను ఉన్నది. ఒక్క వార్షికోత్సవము నాడు మనము తీసే చిత్రములు దీన్ దయాళ్ ఒక సంవత్సరములో తీసిన వాటికన్న ఎక్కువే కావచ్చును. అయినను వాటిలో మరుసటి సంవత్సరము వరకు గుర్తుండునవి ఎన్ని? ఈ ప్రశ్నకు సమాధానము ఆయన జీవితములో దొరుకుతుంది. మంచి చిత్రము యంత్రములో పుట్టదు. కటకము తెరవడానికి ముందే చిత్రకారుని మనస్సులో జరిగే నిర్ణయములో పుడుతుంది. ఆ నిర్ణయము నేర్పుతోపాటు బాధ్యతతో కూడినది. ఆయన జీవిత కథను ఈ దృష్టితో చదువవలెనని విద్యార్థి మిత్రులకు మనవి.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపమున గల సర్ధానాలో ఒక జైన కుటుంబములో జన్మించినారు. వారిది నగల వర్తకము చేసే వంశము. రత్నములోని లోపమును కంటితోనే పసిగట్టవలసిన వృత్తి అది. దీన్ దయాళ్ మాత్రము ఆ వృత్తిలో ప్రవేశించక, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరినారు. అక్కడ ఆయన నేర్చినది కొలతలు, నకలు పటములు, కట్టడముల రేఖాచిత్రములు. 1866లో చదువు ముగించుకొని ఇందోరు నగరములోని ప్రభుత్వ మరామతు శాఖలో ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగము సంపాదించినారు. గోడ నిలువుగా ఉన్నదా, స్తంభముల నడుమ దూరము సమముగా ఉన్నదా, ముఖభాగమునకు పునాదికి నిష్పత్తి సరిపోయినదా అని రోజంతా పరిశీలించుటయే ఆ ఉద్యోగము. తరువాతి కాలములో ఆయన చిత్రములలో కనిపించే నిలకడకు ఈ డ్రాయింగు బల్లయే మొదటి గురువని చెప్పవచ్చును.

1874 ప్రాంతములో ఆయన తీరిక వేళల్లో ఛాయాచిత్రములు తీయ నారంభించినారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది. ఇందోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఆయనను ఆదరించినారు. మధ్య భారతమున గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డాలీ ప్రోత్సహించినారు. 1875–76లో వేల్స్ యువరాజు భారతదేశమును సందర్శించినపుడు ఆ పర్యటనను చిత్రించే అవకాశము ఆయనకు లభించినది. ఉద్యోగము చేసుకొనే ఒక సామాన్య యువకుడు రెండేండ్లలో అంతటి స్థానమునకు చేరుట అదృష్టము వలన మాత్రమే జరిగినది కాదు. ఆనాడు ఫోటో తీయుట ఎంతటి శ్రమయో తెలిసిన గాని ఈ మాట అర్థము కాదు.

ఆయన అభ్యాసము మొదలుపెట్టిన రోజులలో తడి ప్లేటు పద్ధతి వాడుకలో ఉండేది. శుభ్రముగా తుడిచిన గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవమును సమముగా పోసి, చీకటి గుడారములో సిల్వర్ నైట్రేట్ ద్రావణములో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో అమర్చవలెను. కటకముపై మూత తీసి, అంకెలు లెక్కపెట్టి, మరల మూయవలెను. వెంటనే గుడారములోనికి పరుగెత్తి డెవలప్ చేయవలెను. కొద్ది నిమిషములు ఆలస్యమైనా ప్లేటు ఆరి పాడగును. ఎండాకాలమున మన దేశములో అది మరింత త్వరగా ఆరును. దుమ్ము ఒక్క రేణువు పడినా చుక్కగా మిగులును. ప్రింటు ఎంత పెద్దది కావలెనో ప్లేటు అంత పెద్దది ఉండవలెను. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితమును నెగటివ్‌కు ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసేవారు. కనుక బరువైన కెమెరా, ముక్కాలి స్టాండు, గాజు పలకల పెట్టెలు, రసాయనాల సీసాలు, నీళ్ల కుండలు, గుడారము ఇవన్నియు బండ్లపై మోయించుకొని పోవలసినదే. 1880 తరువాత పొడి ప్లేట్లు వచ్చి ఈ శ్రమ కొంత తగ్గినది గాని, గాజు బరువు తగ్గలేదు, ఖర్చు తగ్గలేదు.

ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఉన్న చోట తోచినట్లు తీయుటకు వీలులేదు. ముందు చూడవలెను, ఆలోచించవలెను, ఆ తరువాతనే ప్లేటు సిద్ధము చేయవలెను. ఆనాటి కెమెరా వెనుక గరుకుటద్దముపై దృశ్యము తలక్రిందులుగా కనబడేది. నల్లగుడ్డ కప్పుకొని ఆ తలక్రిందుల బొమ్మను చూచే చిత్రకారునికి రాజు రాజుగా గాక ఒక ఆకారముగా, కోట కోటగా గాక వెలుగునీడల ముద్దగా కనిపించేది. ఏ వైపు బరువెక్కినదో, ఏ మూల బోసిగా ఉన్నదో, అంచున అనవసరమైనది ఏది చొరబడినదో అప్పుడు స్పష్టముగా తెలిసేది. చిత్రమునకు కూర్పు అంటే ఇదియే. ఇప్పటికిని మనము తీసిన ఫోటోను తలక్రిందులు చేసి చూచినచో దాని తూకము ఎక్కడ తప్పినదో ఇట్టే బయటపడును. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష.

1880ల ఆరంభములో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట దీన్ దయాళ్ బుందేల్‌ఖండ్ మొదలగు ప్రాంతములలో సంచరించి ప్రాచీన కట్టడములను చిత్రించినారు. గ్వాలియర్ కోట, ఖజురహో ఆలయములు, సాంచీ స్తూపము, ఓర్ఛా, దతియా ప్రాసాదములు ఆ పర్యటన ఫలితముగా ప్రపంచమునకు పరిచితమైనవి. ఎనభైకి పైగా చిత్రములతో ఆ గ్రంథము మధ్య భారత ప్రసిద్ధ కట్టడములు అను అర్థము వచ్చే పేరుతో 1886లో వెలువడినది.

కట్టడమును చిత్రించుటలో ఆయన పాటించిన పద్ధతులు ఆ చిత్రములను పరిశీలించిన వారికి బోధపడును. మొదటిది, కెమెరాను సమతలముగా నిలుపుట. ఎత్తైన గోపురము పూర్తిగా కనబడవలెనని కెమెరాను పైకి వంచితే గోడలు వెనుకకు కూలుతున్నట్లు కనబడును. ఆనాటి కెమెరాలో కటకమున్న పలకను మాత్రము పైకి జరుపుకొనే ఏర్పాటు ఉండేది. అందువలన గోడలు నిలువుగానే నిలిచేవి. ఆ ఏర్పాటు లేని మనము కొంత దూరము వెనుకకు నడచియో, ఎదుటి మేడపైకి ఎక్కియో ఆ ఫలితమునే సాధింపవచ్చును. రెండవది, వెలుగు. ఎండ నేరుగా ముఖభాగముపై పడితే చెక్కడము చదునుగా కనిపించును. ప్రక్కనుండి ఏటవాలుగా పడినపుడు ప్రతి లతకు, ప్రతి శిల్పమునకు ఒక నీడ ఏర్పడి లోతు కనిపించును. ఉదయమా, సాయంకాలమా అన్నది కట్టడము ఏ దిక్కు చూస్తున్నదో దానిని బట్టి నిర్ణయించుకొనవలెను. మూడవది, మనిషి. ఆయన చిత్రములలో తరచుగా మెట్లపైనో, ద్వారము ప్రక్కనో ఒక మనిషి నిలుచునో, కూర్చునో ఉండును. ఆ మనిషి వలననే ఆ ద్వారము ఎంత ఎత్తో మనకు అర్థమగును. ఆ మనిషిని నడిమధ్య నిలబెడితే కట్టడమునకు పోటీ వచ్చును. ప్రక్కకు నిలిపితే చూపు అతని నుండి కట్టడము మీదికి సాగును. ఇంత చిన్న విషయములో ఇంత ఆలోచన ఉన్నది.

ఈ పని కొరకు ఆయన మొదట ప్రభుత్వమునుండి దీర్ఘకాలము సెలవు తీసుకొన్నారు. అటుపిమ్మట ఉద్యోగమునే విరమించినారు. సర్కారు జీతము, పింఛను ఇచ్చే కొలువును వదలి, ఇంకను సరిగా వేళ్లూనని ఒక కొత్త వృత్తిని నమ్ముకొనుట ఆనాటి గృహస్థునకు చిన్న సాహసము కాదు. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించినారు. ఆ దశకము నడుమనే ఆయనకు హైదరాబాదు దర్బారుతో పరిచయము కలిగినది. 1886లో సికింద్రాబాదున రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ సంస్థ వెలసినది. కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ తండ్రి వృత్తిలో పాలుపంచుకొన్నారు. 1896లో బొంబాయిలోను స్టూడియో తెరచినారు.

స్టూడియో అనగా నేటి విద్యుద్దీపముల గది కాదు. పైకప్పుకు, ఒక ప్రక్క గోడకు గాజు పలకలు అమర్చి, తెరలు లాగుచు వెలుగును అదుపు చేసుకొనే గది. ఒక వైపునుండి మెత్తని వెలుగు ముఖముపై పడును. రెండవ వైపు నీడ మరీ నల్లబడకుండ తెల్లని గుడ్డనో పలకనో నిలిపి కొంత వెలుగును తిరిగి పంపుదురు. ముఖమునకు ఉబ్బు, కన్నులకు కాంతి ఈ విధముగా ఏర్పడును. నేడు మన ఇంట కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, ఎదురుగా ఒక తెల్ల దుప్పటి పట్టుకొన్నను ఇదే ఫలితము వచ్చును. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి తీసిన ముఖములో కనుగుంటలు నల్లబడి వ్యక్తి స్వభావము మరుగుపడును.

సామూహిక చిత్రములు తీయుటలో దీన్ దయాళ్‌కు మంచి పేరుండెడిది. దర్బారు గుంపును చిత్రించుటలో రెండు కష్టములున్నవి. ఒకటి మర్యాద: ఎవరి హోదా ఎక్కడ అన్నది ముందే నిర్ణయమై ఉండును. రెండవది దృష్టి: ఆ హోదాలు చెడకుండగనే ప్రతి ముఖము కనబడవలెను. ఇట్టి చిత్రములలో కొందరు నేలపై, కొందరు కుర్చీలలో, కొందరు వెనుక నిలుచుని, మరికొందరు మెట్లపైన ఉందురు. ఒకే గీతపై తలలన్నియు వరుసగా వచ్చినచో ఆ చిత్రము కంచెవలె ఉండును. తలల ఎత్తులు మారుచు, చూపు మధ్యనున్న ముఖ్య వ్యక్తి వద్దకు చేరునట్లు అమర్చినచో అది సభవలె ఉండును. మన కళాశాలలో ప్రతి ఏట తీయించుకొనే తరగతి ఫోటోకు సైతము ఈ సూత్రము వర్తించును. కెమెరా దగ్గర నిలుచున్నవాడు తొందరపడక, ఒక చివరినుండి మరొక చివర వరకు ఒక్కొక్క ముఖమును చూచి, ఎవరు ఎవరిని కప్పుచున్నారో సరిచేసి, ఆ తరువాత తీయవలెను. ఆ ఒక్క నిమిషము ఓపిక పట్టినందుకు, వెనుక వరుసలోని విద్యార్థి తన ముఖమును జీవితాంతము చూచుకొనగలడు.

1892లో హైదరాబాదున ఆయన స్త్రీల కొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పినారు. దాని నిర్వహణ శ్రీమతి కెన్నీ లెవిక్ అను ఆంగ్ల మహిళ చేతిలో ఉంచినారు. ఎత్తైన గోడల నడుమ, పరపురుషుని కంట పడకుండ, పరదా పాటించే కుటుంబముల స్త్రీలు అక్కడ తమ చిత్రములు తీయించుకొనేవారు. దీనిని వ్యాపార యుక్తి అని కొందరు అనవచ్చును. అయితే అందులో ఒక మర్యాద కూడ ఉన్నది. చిత్రమునకు కూర్చున్నవారు నిర్భయముగా, సుఖముగా ఉండనిచో వారి ముఖములో జీవము ఉండదు. వారి ఆచారమును గౌరవించి, వారి వద్దకు కెమెరాను తగిన రీతిలో చేర్చుట చిత్రకారుని ధర్మము. ఎదుటివారి అనుమతి లేక ఫోను ఎత్తి పట్టే అలవాటు పెరిగిన ఈ రోజులలో ఈ పాఠము మరింత అవసరము.

1893లో చికాగో నగరములో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రములకు పురస్కారము లభించినది. 1894లో నిజాం ప్రభువు ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా గౌరవించి, ముసవ్విర్ జంగ్, రాజా బహదూర్ అను బిరుదులు ప్రసాదించినారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడని ఉర్దూ చదివే మిత్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆసఫ్ అను కలము పేరుతో కవిత్వము చెప్పిన ఆ ప్రభువు, దీన్ దయాళ్ కళను మెచ్చుకొనుచు ఉర్దూలో ఒక షేర్ చెప్పినట్లు ప్రసిద్ధి. 1897లో విక్టోరియా రాణి వద్దనుండి రాజముద్రాంకిత నియామకము వచ్చినది. సర్ధానాలో పుట్టిన జైనుడు, దక్కనులో ముస్లిం ప్రభువు ఆదరణలో, ఆంగ్ల మహిళ సహకారముతో, ఫారసీ బిరుదుతో వెలుగొందుట ఆనాటి హైదరాబాదు స్వభావమునకు ఒక నిదర్శనము. ఆ నగరములో నేర్పుకు మతము అడ్డురాలేదు.

ఇంతవరకు చెప్పినది వైభవము. అయితే ఆయన కెమెరా చూచినది వైభవమును మాత్రమే కాదు. 1890ల చివరి సంవత్సరములలో దక్కను ప్రాంతము క్షామముతో తల్లడిల్లినది. 1899–1900 నాటి కరువు దేశములో అనేక ప్రాంతములను పీడించినది. నిజాం ప్రభుత్వము చేపట్టిన సహాయ కార్యక్రమములను దీన్ దయాళ్ సంస్థ చిత్రించినది. ఆ చిత్రములను చూచునపుడు మనస్సు కలుక్కుమనును. దర్బారు చిత్రములను కూర్చిన చేయియే ఇక్కడను కూర్చినది. జనము వరుసలుగా, క్రమముగా ఉందురు. ప్రభుత్వము చేసిన మేలును చూపుటకు తీయించిన చిత్రములు గనుక, ఆ మేలు అందని వారు వాటిలో ఉండరు.

ఇక్కడనే కూర్పు అనే మాటకు గల రెండవ అర్థము తెలియును. నాలుగు అంచులు గీయుట అనగా కొంత లోపల ఉంచి, మిగిలినదంతయు బయటకు నెట్టుట. 1902లో కర్జన్ ప్రభువు నిజాం రాజ్యమునకు విచ్చేసినపుడు తీసిన వేట చిత్రములలో చచ్చిన పులి, నిలుచున్న దొరలు కనబడుదురు. అడవిలో డప్పులు కొట్టి ఆ పులిని తోలిన పల్లెవాసుల శ్రమ సంగతి ఆ చిత్రము చెప్పదు. దీన్ దయాళ్ ఆస్థానమునకు బద్ధుడైన వృత్తికారుడు. తీయమన్నది తీసినారు, ఎవరూ తీయనంత చక్కగా తీసినారు. ఆయనను నిందించుట మన పని కాదు. కాని ఆయనకు లేని స్వేచ్ఛ మనకున్నది. మన కెమెరాకు యజమాని మనమే. కనుక ఏది లోపల ఉంచవలెను, ఏది బయట వదలవలెను అన్న ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన భారము కూడ మనదే. అందమైన అంచులలో అబద్ధము ఇమడగలదని ఛాయాచిత్రము నేర్చేవారు మొదటి రోజుననే తెలిసికొనవలెను.

చివరి సంవత్సరములలో ఆయనకు పుత్రశోకము కలిగినది. 1904లో ధరమ్ చంద్ మరణించినారు. మరుసటి సంవత్సరము, 1905 జూలై 5వ తేదీన దీన్ దయాళ్ కన్నుమూసినారు. వ్యాపార భారము జ్ఞాన్ చంద్‌పై పడినది. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడ గతించిన పిమ్మట పాత ఆదరణ క్రమముగా తగ్గినది.

ఆయన మరణించిన మూడేండ్లకు, 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసినది. వేలాది ప్రాణములు పోయినవి, నదీతీరపు పేటలు తుడిచిపెట్టుకొనిపోయినవి. తరువాత నగర రూపమే మారినది. బషీర్‌బాగ్ ప్రాసాదము వంటి కట్టడములు కాలక్రమమున నేలమట్టమైనవి. వరదకు ముందున్న నగరమును మనము నేడు చూడగలుగుచున్నామంటే ఆ గాజు పలకల చలువయే. అంకెలు వేసి, వివరణలు వ్రాసి భద్రపరచిన ఆ నెగటివులలో 2,857 పలకలను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రము సేకరించినది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మృత్యర్థము తపాలాబిళ్ల వెలువరించినది.

అంకె వేయుట, పేరు వ్రాయుట చిన్న పనులే. అవి లేనిచో ఆ పలకలలోని మనుషులు ఎవరో, స్థలము ఏదో నేడు ఎవరికీ తెలియకపోయెడిది. మనము తీసే చిత్రములకు తేదీ, స్థలము, వ్యక్తుల పేర్లు వ్రాసి ఉంచే అలవాటు ఎంతమందికి ఉన్నది? పేరు లేని ఫోటో ఇరువది ఏండ్ల తరువాత అనాథ.

కళాశాలలో ఛాయాచిత్రకళపై ఆసక్తి గల విద్యార్థులు ఆయన మార్గమున ఒక అభ్యాసము చేయవచ్చును. ఒక దినము పన్నెండు చిత్రములకు మించి తీయరాదని నియమము పెట్టుకొనవలెను. తమ పరిసరములలోని ఒకే కట్టడమును ఎంచుకొని ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము చూడవలెను. ఎక్కడ నిలుచున్నచో గోడలు నిలువుగా ఉండునో, ఏ వేళ నీడ చెక్కడమును ఎత్తి చూపునో కాగితముపై వ్రాసికొనవలెను. నాలుగు అంచులను వరుసగా చూడనిదే మీట నొక్కరాదు. దగ్గరకు రావలసిన చోట యంత్రముతో లాగక, కాళ్లతో నడచి రావలెను. మనుషులను తీయునపుడు వారి అనుమతి, వారి పేరు రెండును అడిగి తెలిసికొనవలెను. చివర తీసినవాటిలో ఒక్కదానినే ఎంచుకొని, మిగిలినవి ఎందుకు విడిచితిమో చెప్పగలగవలెను. ఒక నెల ఇట్లు చేసినవారి చూపు తప్పక మారును.

నగల వర్తకుల ఇంట పుట్టి, గీతలు గీసే ఉద్యోగములో కన్ను పదును పెట్టుకొని, గాజుపలకపై ఒక యుగమును నిలిపిన దీన్ దయాళ్ మనకు వదలిన ఆస్తి చిత్రములు మాత్రమే కాదు. తీయుటకు ముందు చూడుము, చూచుటకు ముందు ఆగుము అనే క్రమశిక్షణ కూడ ఆ ఆస్తిలో భాగమే. మారిపోవుచున్న మన ఊళ్లను, వీధులను, పెద్దలను ఆ ఓపికతో, ఆ నేర్పుతో, ఆయనకు లేకపోయిన స్వేచ్ఛతో చిత్రించి పేరు వ్రాసి ఉంచే యువతీయువకులు మన కళాశాలలనుండి రావలెనని ఆకాంక్షించుదము.